రెండవ కుర్చీలో ముప్పై మూడేళ్ళు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. నాయకుల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేనొక సహాయకుని గురించి వ్రాస్తున్నాను. సర్వీసంతా నోటు ఫైలు తయారుచేసి పై సంతకానికి పంపిన గుమాస్తాను కాబట్టి ఈ విషయం నాకు దగ్గరగా తోచింది.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన ఆట కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని పరుగెత్తే ఆట అది. మైదానంలో పక్షానికి పదకొండుగురు. బంతితో ముందుకు పోయేందుకు ఒక దళం, ఎదుటివారిని ఆపేందుకు వేరొక దళం ఉంటాయి. కళాశాల జట్ల పోటీలకు కూడా అక్కడ జనం వేలాదిగా వస్తారు.

ప్రతి జట్టుకు ఒక ప్రధాన శిక్షకుడు, ఆయన క్రింద సహాయకులు ఉంటారు. పెద్ద విశ్వవిద్యాలయాలలో సహాయకుల సంఖ్య చాలాకాలం తొమ్మిదికి పరిమితమై, 2018లో పది అయింది. ప్రధాన శిక్షకుని తొలగిస్తే సాధారణంగా వీరికీ ఉద్వాసనే. కొత్తగా వచ్చినాయన తన మనుషులను తెచ్చుకుంటాడు. అందుచేత సహాయకులది తరచు మకాం మార్చే బ్రతుకు.

ఇందుకు భిన్నంగా ఒకేచోట నిలిచినవారు బడ్ ఫాస్టర్. 1959లో జన్మించారు. కెంటకీ రాష్ట్రంలోని ముర్రే స్టేట్‌లో ఆడి, అక్కడే ఫ్రాంక్ బీమర్ దగ్గర శిక్షకునిగా పని నేర్చుకున్నారు. 1987లో బీమర్ వర్జీనియా టెక్‌కు మారినప్పుడు వెంట వెళ్ళారు. తొలి సంవత్సరాలు కష్టకాలం. 1992లో పదకొండు ఆటలలో గెలిచినవి రెండే. అయినా బీమర్‌ను తీసివేయలేదు. 1993 మొదలు 2019 వరకు వరుసగా 27 ఏళ్ళు ఆ జట్టు సీజను చివర జరిగే బౌల్ పోటీలలో ఆడింది.

1995లో ఫాస్టర్ మరొకరితో కలిసి రక్షణ దళం బాధ్యత స్వీకరించారు. తరువాత అది పూర్తిగా ఆయనదే అయింది. ఆ దళానికి గుర్తు సొట్టలుపడిన పాత అన్నం డబ్బా. గని కార్మికులు పట్టుకుపోయే రకం. ఆటగాళ్ళు దానిని మైదానానికి తెచ్చేవారు. వచ్చింది పని చేయడానికని దాని భావం. ఏళ్ళ తరబడి క్యారేజీ పట్టుకొని బస్సెక్కిన మనకు దానిని విడమరచి చెప్పనక్కరలేదు.

1999లో ఆ జట్టు పదకొండు ఆటలూ గెలిచి జాతీయ ఛాంపియన్‌షిప్ తుదిపోటీకి చేరింది. 2000 జనవరి 4న ఫ్లోరిడా స్టేట్ చేతిలో 46-29 తేడాతో ఓడింది. ఆనాడు ఎదుటి పక్షపు రక్షణ దళం చూసుకున్న మిక్కీ ఆండ్రూస్ కూడా 1984 నుంచి 2009 వరకు అక్కడే సహాయకునిగా ఉన్నవారే. ఉత్తమ సహాయక శిక్షకునికి ఇచ్చే బ్రాయిల్స్ పురస్కారం 1996లో మొదలై తొలుత ఆండ్రూస్‌కు, 2006లో ఫాస్టర్‌కు దక్కింది.

2015లో బీమర్ రిటైరయ్యారు. పై కుర్చీ ఫాస్టర్‌కు రాలేదు. ఆయనకంటే 17 ఏళ్ళు చిన్నవారైన జస్టిన్ ఫ్యుయెంటే బయటి నుంచి వచ్చారు. ఫాస్టర్ ఆయన క్రింద కూడా నాలుగు సీజన్లు పనిచేశారు. మన సర్వీసులో చిన్నవాడైన అధికారి ఎదుట ఫైలు పట్టుకొని నిలబడినవారికి అదెంత కష్టమో తెలుసు. 2019 డిసెంబరు 31న ఆయన చివరి ఆట. కెంటకీ మీద 37-30తో ఓటమి.

అక్కడి రికార్డు పుస్తకాలలో గెలుపు ఓటములు ప్రధాన శిక్షకుని పేరనే జమ అవుతాయి. సహాయకునికి ఆ లెక్కలో పద్దు లేదు. ఆ 27 ఏళ్ళ వరుసకు ఆద్యంతం ఉన్నది మాత్రం ఫాస్టర్. పై సంతకం ఒక్కటే చూస్తే చరిత్ర సగమే తెలుస్తుంది. నోటు ఎవరు వ్రాశారో కూడా చూడాలి.

మన శాఖలలో కూడా ఇటువంటివారు ఎందరో ఉన్నారు. సభ్యులు తమతో పనిచేసిన అటువంటివారి పేర్లు, వారు చేసిన పని నాలుగు వాక్యాలలో వ్రాసి సంఘానికి పంపవలసినదిగా మనవి. మనం వ్రాయకపోతే వ్రాసేవారు లేరు.