వైద్య మానవశాస్త్రం: మ్యాన్‌హోల్ దగ్గర అడగాల్సిన ప్రశ్న

సంస్కృతి, పరిసరాలు మనుషుల ఆరోగ్యాన్ని ఎలా నిర్ణయిస్తాయో చదివేదే వైద్య మానవశాస్త్రం. విశ్వవిద్యాలయాల్లో మానవశాస్త్రం, సామాజిక వైద్యం విభాగాల్లో పీజీ స్థాయిలో ఇది పాఠ్యాంశం.

మ్యాన్‌హోల్ మరణాన్నే తీసుకుందాం. ఊపిరాడక చనిపోయాడని పోస్టుమార్టం నివేదిక చెబుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టలేదు, కార్మికుడికి ప్రమాదం తెలియదు. ఇది పరిసరాల సంగతి. అందులోకి ఎక్కువగా దళితులనే ఎందుకు దించుతున్నారు? ఇది కులం సంగతి. రెండూ కలిపి చూస్తేనే మరణకారణం పూర్తిగా తెలుస్తుందని మేం అంటున్నాం.

రక్షణ పరికరాలు లేకుండా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగుకాల్వ మరణాలకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా వీటిని 'ప్రమాదాలు' అనే పిలుస్తున్నారు. ఆ మాటను ప్రశ్నించే పరిశోధకులు మన వాడల నుంచే రావాలి.