టూసాన్ సాఫ్ట్‌బాల్: అరిజోనా విశ్వవిద్యాలయ మహిళల జట్టు చరిత్ర

అరిజోనా విశ్వవిద్యాలయ మహిళల సాఫ్ట్‌బాల్ జట్టు 1974లో మొదలైంది. విశ్వవిద్యాలయం వయసు అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు. అరిజోనాకు రాష్ట్ర హోదా రాక మునుపే, 1885లో, సొనోరన్ ఎడారి నడుమ ఉన్న టూసాన్ పట్టణంలో దాన్ని స్థాపించారు. అంతకాలం లేని మహిళల జట్టు అప్పుడు పుట్టడానికి కారణం 1972లో అమెరికా కాంగ్రెస్ చేసిన టైటిల్ నైన్ చట్టం. కేంద్ర నిధులు అందుకునే విద్యాసంస్థలు లింగం ఆధారంగా వివక్ష చూపరాదని ఆ చట్టం చెప్పింది. క్రీడలూ దాని పరిధిలోకి రావడంతో దేశమంతటా విశ్వవిద్యాలయాలు మహిళల జట్లను కూడగట్టాయి.

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ కుటుంబానికి చెందిన ఆట. బంతి పెద్దది, మైదానం చిన్నది. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగుల దూరం, ఆట 7 ఇన్నింగ్స్. బంతి విసిరే పిచ్చర్ చేతిని గుండ్రంగా తిప్పి బంతిని నడుము దగ్గర నుంచి, కిందివైపు నుంచే వదలాలి. క్రికెట్‌లోలా నేల మీద పడి లేచే బంతి కాదు, గాలిలోనే బ్యాటర్‌ను చేరుతుంది. కళాశాల స్థాయిలో పిచ్చర్ నిలబడే చోటు ఒకప్పుడు బ్యాటర్‌కు 40 అడుగుల దూరంలో ఉండేది. అంత దగ్గరి నుంచి మంచి పిచ్చర్ విసిరితే తగిలించడమే గొప్ప. అందుకే 1980లలో పెద్ద మ్యాచ్‌లు ఒక్క పరుగుతో తేలిపోయేవి, ఆ ఒక్క పరుగు కోసం అదనపు ఇన్నింగ్స్ కూడా ఆడాల్సి వచ్చేది. 1988 సీజన్ నాటికి దూరాన్ని 43 అడుగులకు పెంచారు. 1993లో తెల్ల బంతి స్థానంలో కంటికి బాగా ఆనే పసుపు బంతి వచ్చింది. బ్యాటర్‌కు ఊపిరి అందింది. ఈ రెండు మార్పుల ఫలాన్ని అందరికన్నా ఎక్కువగా అందుకున్న జట్టు టూసాన్‌దే.

జాతీయ స్థాయిలో మహిళల సాఫ్ట్‌బాల్‌ను అమెరికా కళాశాల క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏ 1982లో తన చేతుల్లోకి తీసుకుంది. ఆ తొలి ఏళ్లలో అరిజోనా చివరి దశకు చేరలేకపోయింది. 1986 సీజన్‌కు మైక్ కాండ్రియా కోచ్‌గా వచ్చాడు. టూసాన్‌కూ ఫీనిక్స్‌కూ మధ్యనున్న కూలిడ్జ్‌లో, సెంట్రల్ అరిజోనా కాలేజీ జట్టుకు 1984, 1985లలో వరుసగా రెండు జూనియర్ కళాశాలల జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టిన కోచ్ అతను. 1988లో అరిజోనా మొదటిసారి, జాతీయ టైటిల్‌ను తేల్చే ఎన్‌సీఏఏ మహిళల కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు అర్హత సాధించింది. అక్కడి నుంచి 2003 దాకా, పదహారేళ్లపాటు, ఒక్క ఏడాది కూడా ఆ వేదికకు దూరం కాలేదు. టైటిళ్ల సంఖ్య కన్నా ఈ నిలకడే ఆ జట్టు గొప్పతనాన్ని ఎక్కువగా చెబుతుంది. విద్యార్థినులు నాలుగేళ్లకు చదువు ముగించి వెళ్లిపోతారు, ప్రతి కొత్త తరంతోనూ మళ్లీ మొదటి నుంచి కట్టుకు రావాలి.

1990లలో జాతీయ పోటీ అంటే చాలామటుకు రెండు జట్ల పోరు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ అప్పటికే అగ్రస్థానంలో ఉంది. 1991 ఫైనల్లో అరిజోనా దాన్ని 5-1తో ఓడించి తొలి టైటిల్ గెలిచింది. 1992లో యూసీఎల్‌ఏ 2-0తో బదులు తీర్చుకుంది. 1993లో అరిజోనా 1-0తో మళ్లీ నెగ్గింది, 1994లో కాల్ స్టేట్ నార్త్‌రిడ్జ్‌ను 4-0తో ఓడించి టైటిల్ నిలబెట్టుకుంది. ఆ ఏళ్లలో పిచ్చింగ్ భారం మోసింది సూజీ పారా. 1995లో అరిజోనా షార్ట్‌స్టాప్ లారా ఎస్పినోజా ఒక్క సీజన్‌లో 37 హోం రన్‌లు కొట్టి జాతీయ రికార్డు నెలకొల్పింది. పసుపు బంతి వచ్చి అప్పటికి రెండేళ్లే. పిచ్చర్ ఆటగా పేరుపడ్డ సాఫ్ట్‌బాల్‌లో అది కనీవినీ ఎరుగని అంకె. అయినా ఆ ఏడాది ఫైనల్లో యూసీఎల్‌ఏ 4-2తో గెలిచింది. స్కాలర్‌షిప్ నిబంధనల ఉల్లంఘన బయటపడి తర్వాత ఎన్‌సీఏఏ ఆ టైటిల్‌ను రద్దు చేసినా, అది అరిజోనా ఖాతాలో చేరలేదు.

వరల్డ్ సిరీస్ అప్పటికే ఓక్లహామా సిటీలో స్థిరపడింది. 1996లో మాత్రం జార్జియాలోని కొలంబస్‌లో జరిపారు. సాఫ్ట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన ఏడాది అది. ఆ ఒలింపిక్ మ్యాచ్‌లు జరిగింది కూడా కొలంబస్‌లోనే. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఫైనల్లో అరిజోనా వాషింగ్టన్‌ను 6-4తో ఓడించింది. అదే వేసవిలో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో అరిజోనా క్రీడాకారిణి లియా ఓబ్రయన్ ఉంది. 2000, 2004 ఒలింపిక్ స్వర్ణాలలోనూ ఆమెకు భాగం దక్కింది. 1997 ఫైనల్లో అరిజోనా యూసీఎల్‌ఏపై 10-2తో గెలిచింది. ఎనిమిది పరుగుల ఆధిక్యం రావడంతో నిబంధన ప్రకారం ఆట ఐదో ఇన్నింగ్స్‌తోనే ముగిసింది. అంతకు పదేళ్ల ముందు ఫైనల్ అలా ముగుస్తుందంటే ఎవరూ నమ్మేవారు కాదు.

టూసాన్‌కు మేజర్ లీగ్ జట్టు ఏదీ లేదు. ఎండ కాసే శీతకాలం ఉన్నందువల్ల 1947 నుంచి క్లీవ్‌లాండ్ ఇండియన్స్ బేస్‌బాల్ జట్టు వసంత శిక్షణకు ఇక్కడికి వచ్చేది. 1992 తర్వాత ఆ జట్టు వెళ్లిపోయింది. ఆపై వచ్చిన జట్లూ 2010 సీజన్ ముగిసేసరికి ఫీనిక్స్ ప్రాంతానికి తరలిపోయాయి. ఊరికి ఎప్పటికీ మిగిలినవి విశ్వవిద్యాలయ జట్లే. 1993లో ప్రాంగణంలో రీటా హిలెన్‌బ్రాండ్ స్మారక స్టేడియం తెరుచుకుంది. దాదాపు మూడు వేల మంది కూర్చోగల స్టేడియాన్ని మహిళల సాఫ్ట్‌బాల్ కోసమే కట్టడం ఆ రోజుల్లో అరుదు. సీజన్ ఫిబ్రవరిలో మొదలై ఎండలు ముదిరే వేళకు ముగుస్తుంది కనుక ఎడారి వాతావరణం కూడా కలిసివచ్చింది.

2001 జట్టు పేరు చెబితే మొదట గుర్తొచ్చేది జెన్నీ ఫించ్. కాలిఫోర్నియాలోని లా మిరాడా నుంచి వచ్చిన ఈ పిచ్చర్ ఆ సీజన్‌లో 32 మ్యాచ్‌లు గెలిచింది, ఒక్కటీ ఓడలేదు. ఫైనల్లో యూసీఎల్‌ఏపై 1-0 విజయం ఆమె చేతి మీదుగానే వచ్చింది. 2000 నుంచి 2002 దాకా సాగిన ఆమె వరుస విజయాలు 60. తర్వాత కాండ్రియా అమెరికా ఒలింపిక్ జట్టుకు కోచ్ అయ్యాడు. 2004లో ఏథెన్స్‌లో ఆ జట్టు ప్రత్యర్థులపై మొత్తం 51 పరుగులు చేసి, తాను ఒక్క పరుగే ఇచ్చి స్వర్ణం గెలిచింది. ఫించ్, ఓబ్రయన్, లవీ జంగ్ ముగ్గురూ అందులో అరిజోనా పూర్వ విద్యార్థినులు. 2008లో బీజింగ్ ఫైనల్లో జపాన్ చేతిలో ఓడి ఆ జట్టు రజతంతో తిరిగివచ్చింది. ఆ రెండు ఒలింపిక్ ఏళ్లలోనూ అరిజోనా జట్టును లారీ రే నడిపించాడు.

2006లో అలీసియా హాలోవెల్ పిచ్చింగ్‌తో ప్రత్యర్థి నార్త్‌వెస్టర్న్ రెండు ఫైనల్ మ్యాచ్‌లలో కలిపి ఒక్క పరుగూ చేయలేకపోయింది, టైటిల్ అరిజోనాదైంది. 2007 గెలుపు దారి వేరు. ప్రత్యర్థి టెనెసీ, దాని పిచ్చర్ ఆరడుగులకు మించిన మోనికా ఆబట్. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో తొలి మ్యాచ్ టెనెసీ 3-0తో గెలిచింది. రెండోది పదో ఇన్నింగ్స్ దాకా సాగి 1-0తో అరిజోనా వశమైంది. మూడోది 5-0. ఈ మూడింటిలోనే కాదు, ఆ వరల్డ్ సిరీస్ మొత్తంలో అరిజోనా తరఫున ప్రతి బంతీ విసిరింది టారిన్ మోవాట్ ఒక్కతే: 60 ఇన్నింగ్స్, 1,035 బంతులు. ఈ జట్టు చరిత్రలో ఒక్క వ్యక్తి ఓర్పు మీద ఇంతగా ఆధారపడి వచ్చిన టైటిల్ ఇంకొకటి లేదు. అది ఎనిమిదో టైటిల్, ఇప్పటివరకు చివరిది.

2010 ఫైనల్లో యూసీఎల్‌ఏ గెలిచాక అరిజోనా మళ్లీ ఓక్లహామా సిటీ చేరడానికి 2019 వచ్చింది. ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ ఆటలో బాగా బలపడిన కాలమది. 2021లో కాండ్రియా 1,674 విజయాలతో పదవీ విరమణ చేశాడు. తర్వాత పగ్గాలు అందుకున్న కేట్లిన్ లో 2006, 2007 విజేత జట్లలో సెంటర్ ఫీల్డర్, బీజింగ్ రజత పతక జట్టు సభ్యురాలు. ఆమె తొలి సీజన్ 2022లోనే, సీడ్ కూడా దక్కని జట్టు వరల్డ్ సిరీస్ చేరింది.

2024లో అరిజోనా, యూసీఎల్‌ఏ రెండూ ఉన్న పాక్-12 సమాఖ్య చెదిరిపోవడంతో అరిజోనా బిగ్ 12లో చేరింది, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్లింది. ఫైనల్స్‌లో ఏడుసార్లు తలపడి, నాలుగుసార్లు అరిజోనా, మూడుసార్లు యూసీఎల్‌ఏ గెలిచిన ఈ రెండు జట్లకూ ఒకే సమాఖ్యలో ఏటా జరిగే మ్యాచ్‌లు అలా ఆగిపోయాయి. కొత్త సమాఖ్యలో ఏ ప్రత్యర్థీ పూడ్చలేని లోటు ఇది.