కాయ ముదరడం, పండు మాగడం: బజారు పండు రుచి వెనుక ఉన్న చరిత్ర

పరిచయం

చరిత్ర పాఠ్యగ్రంథాలలో రాజులకు, యుద్ధాలకు, సంధులకు దొరికే చోటు పండ్లకు దొరకదు. కానీ ఆర్థిక చరిత్ర చదివే విద్యార్థికి పండు మంచి ఆధారం. ధాన్యాన్ని పాతరలో పోసి మరుసటి ఏడాది దాకా దాచవచ్చు. పండును అలా దాచలేము. అందువల్ల రవాణా, నిల్వ, ధర, అప్పు, వీటిలో ఏది మారినా ఆ మార్పు పండు మీద త్వరగా కనిపిస్తుంది.

ఏప్రిల్ మొదటి వారంలో బజారులో పసుపుపచ్చగా కనిపించిన మామిడిపండును మీరు కొని ఇంటికి తెచ్చి కోస్తారు. లోపల చప్పగా ఉంటుంది, లేదా పుల్లగా ఉంటుంది. కారణం అడిగితే మనలో చాలామంది "కార్బైడ్ వేసి పండించారు" అంటారు. ఈ జవాబులో కొంత నిజం లేకపోలేదు. అయితే కార్బైడ్ రుచిని పాడుచేయకముందే, ఆ కాయను చెట్టు నుంచి కోసిన రోజునే రుచి సగం పోయి ఉంటుంది. కాయను ఎప్పుడు కోయాలో నిర్ణయించే అధికారం తోట నుంచి బజారుకు ఎలా మారిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఉదాహరణగా ప్రధానంగా మామిడినే తీసుకుంటున్నాను.

రెండు మాటలు, రెండు పనులు

తెలుగులో "ముదరడం", "మాగడం" అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. ఈ తేడా మీకు స్పష్టంగా తెలిస్తేనే తరువాతి చర్చ అర్థమవుతుంది.

ముదరడం చెట్టు మీదనే జరగాలి. ఆకులు తయారుచేసిన చక్కెర తొడిమ గుండా కాయలోకి వస్తుంది. మామిడి, అరటి వంటి కాయలు దానిలో చాలా భాగాన్ని పిండిపదార్థంగా నిల్వ చేసుకుంటాయి. కాయ చెట్టు మీద ఉన్నన్ని రోజులూ ఈ నిల్వ పెరుగుతుంది. తొడిమ తెగిన క్షణంలో రాబడి ఆగిపోతుంది.

మాగడం ఎక్కడైనా జరుగుతుంది, చెట్టు మీదైనా, గడ్డిలోనైనా, అటక మీదైనా. అప్పుడు కాయ ఉన్న నిల్వనే ఖర్చు పెడుతుంది. పిండిపదార్థం చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, వాసన పుడుతుంది, తోలులోని ఆకుపచ్చ రంగు విరిగిపోయి పసుపు బయటపడుతుంది. నిల్వే లేని లేత కాయను ఎంత మాగవేసినా రంగు, మెత్తదనం వస్తాయి కానీ తీపి రాదు.

మన ఇళ్ళలో ఊరగాయ పెట్టే ఆడవాళ్ళకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. ఆవకాయకు టెంక కట్టిన కాయ కావాలంటారు, అది కూడా పులుపు తగ్గకముందు. కాయ వయసును టెంకను బట్టి లెక్కకట్టే ఈ జ్ఞానాన్ని మన వ్యవసాయ చరిత్రకారులు తగినంతగా నమోదు చేయలేదని నా అభిప్రాయం.

ఇంకొక విషయం. అన్ని పండ్లూ కోసిన తరువాత మాగవు. ద్రాక్ష, బత్తాయి, నారింజ, దానిమ్మ కోసినప్పుడు ఎంత తీపిగా ఉంటే అంతే. పుల్లటి ద్రాక్షను కొని "రెండు రోజులు ఆగితే తియ్యబడుతుంది" అనుకుంటే వడలిపోయిన పుల్లటి ద్రాక్షే మిగులుతుంది.

పాత రోజుల్లోనూ కాయలే కోసేవారు

పూర్వం అందరూ చెట్టున పండిన పండే తినేవారని అనుకోవడం పొరపాటు. 1520లలో బాబర్ తన ఆత్మకథలో హిందుస్తాన్ మామిడి గురించి రాస్తూ, ఇక్కడివారు ఎక్కువగా కాయలుగానే కోసి ఇంట్లో మాగబెడతారని గమనించాడు. మంచి మామిడి నిజంగా బాగుంటుంది కానీ, తినేవాటిలో అటువంటివి తక్కువేనని కూడా అన్నాడు. అదే శతాబ్దం చివర అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో, తొడిమతో సహా కోసిన దోరకాయ తొడిమ చివరను వెచ్చని మైనంతో మూసి నెయ్యిలోనో తేనెలోనో ఉంచితే రెండు మూడు నెలలు రుచి నిలుస్తుందని చెప్పాడు. కాలం దాటి పండు తినాలనే కోరిక కొత్తది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఆ కోరిక తీర్చుకునే స్తోమత అప్పట్లో పాదుషాలకే ఉండేది.

మన ప్రాంతంలో మాగవేయడం, మగ్గబెట్టడం, ముగ్గబెట్టడం అని ఒక్కొక్కచోట ఒక్కొక్కలా అంటారు. గదిలో వరిగడ్డి పరిచి, కాయలు ఒక వరుస, గడ్డి ఒక వరుసగా పేర్చేవారు. వాసన రాగానే పై వరుస తీసి, మాగినవాటిని ఏరి, మిగతావాటిని మళ్ళీ కప్పేవారు. ఒక పండు మాగితే పక్కనున్న కాయలు కూడా త్వరగా మాగుతాయని వారికి తెలుసు. దానికి కారణాన్ని 1934లో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులో ఆపిల్ పండ్ల మీద నిరూపించాడు. మాగే పండు ఇథిలీన్ అనే వాయువును తనంతట తానే విడుదల చేస్తుంది.

కాబట్టి కాయగా కోయడం తప్పు కాదు, మాగవేయడమూ తప్పు కాదు. నాటి పద్ధతిలో చెట్టు మీద ఒకటి రెండు పండ్లు పండి రాలడం చూశాకే కోత మొదలుపెట్టేవారు. చెట్టు అనుమతి ఇచ్చాక కోసేవారని మీరు అనుకోవచ్చు.

రైలు, గుత్త, తొలి ధర

ఈ క్రమాన్ని మార్చింది దూరం. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు వచ్చాయి. దానితో కోస్తా జిల్లాలకు ఇటు మద్రాసుతో, అటు కలకత్తాతో నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి. బండి మీద పక్క ఊరి సంతకు వెళ్ళే కాయకూ రైలెక్కి పరాయి రాష్ట్రానికి వెళ్ళే కాయకూ ఒకే కోత రోజు పనికిరాదు. దూరం పెరిగేకొద్దీ కాయ గట్టిగా ఉండాలి.

రకాల ఎంపికలో కూడా ఈ ఒత్తిడి కనిపిస్తుంది. నూజివీడు ప్రాంతపు చిన్నరసం, పెద్దరసం చేత్తో పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవలసిన పండ్లు. అంత మెత్తని పండు దూరప్రయాణానికి ఓర్చుకోదు. బంగినపల్లి కండ గట్టిది, పీచు లేనిది, ముక్కలుగా కోయడానికి అనువైనది, నిల్వకు ఆగుతుంది. నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె స్వాతంత్ర్యానికి ముందు ఒక చిన్న సంస్థానం. ఆ ఊరి పేరుతో ఉన్న ఈ రకానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. బంగినపల్లి రుచిలో తక్కువదని నేను అనను. కానీ తోటల్లో దాని విస్తరణకు రుచి ఒక్కటే కారణమని కూడా అనలేను.

ఇక గుత్త సంగతి. చాలా తోటలను పూత మీదనే, లేదా పిందె దశలో, వ్యాపారికి గుత్తకు ఇస్తారు. రైతుకు ముందే డబ్బు చేతికి వస్తుంది, పంట పోయే భయం వ్యాపారి మీదికి వెళ్తుంది. వేసవిలో ఒక్క రాత్రి ఈదురుగాలి వీస్తే తోటలో సగం కాయ నేల రాలవచ్చు. అప్పు తెచ్చి గుత్త కట్టిన మనిషి రోజూ ఆకాశం వైపు చూస్తూ ఉంటాడు. మరోవైపు సీజను మొదట్లో వచ్చిన కాయకు పలికే ధర మే నెలాఖరులో పలకదు. పదిహేను రోజులు ఆగితే కాయ ముదురుతుంది, ధర తగ్గుతుంది, గాలివాన భయం పెరుగుతుంది. ఈ లెక్క వేసుకున్నవాడు లేత కాయ కోస్తే అతన్ని దుర్మార్గుడని తేల్చి పక్కకు పోవడం చరిత్ర విద్యార్థి పని కాదు. తొలి పండుకు ఎక్కువ ధర ఇస్తున్నది మనమే కదా.

కిరోసిన్ పొయ్యి నుంచి కార్బైడ్ దాకా

లేత కాయ కోశాక దాన్ని పండులా చూపించాలి. ఈ విద్య మొదట నిమ్మజాతి పండ్ల దగ్గర బయటపడింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆకుపచ్చ నిమ్మకాయలను కిరోసిన్ పొయ్యిలు వెలిగించిన గదుల్లో ఉంచేవారు. అవి పచ్చబడేవి. వేడి వల్లే అలా జరుగుతోందని అందరూ అనుకున్నారు. పొగ రాని మెరుగైన వేడి ఏర్పాటు చేస్తే మాత్రం కాయలు రంగు తిరగలేదు. పొగలోని ఇథిలీనే ఆ పని చేస్తోందని 1920ల తొలి ఏళ్ళలో ఫ్రాంక్ డెన్నీ తేల్చాడు. ఒక విషయం గమనించండి. నిమ్మ కోసిన తరువాత మాగే జాతి కాదు. అంటే ఈ పద్ధతి అక్కడ పుట్టింది రుచి కోసం కాదు, కంటికి కనిపించే రంగు కోసం.

కాల్షియం కార్బైడ్ కథ వేరు. 1892లో దీన్ని విద్యుత్ కొలిమిలో తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఆ వాయువుతో గనుల్లో, సైకిళ్ళకు దీపాలు వెలిగించేవారు, లోహాలు అతికేవారు. ఎసిటిలీన్ కొంతవరకు ఇథిలీన్‌లా పనిచేస్తుంది. కాయల మధ్య కార్బైడ్ పొట్లం పెడితే గాలిలోని తేమతోనే వాయువు పుట్టి తోలు పచ్చబడుతుంది. పరిశ్రమల కోసం తయారైన ఈ పదార్థంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి కాబట్టి ఆరోగ్యానికి హానికరం. మన దేశంలో ఆహార కల్తీ నిరోధక నిబంధనల కాలం నుంచే దీన్ని నిషేధించారు. 2011 ఆహార భద్రతా నిబంధనలు ఆ నిషేధాన్ని కొనసాగించాయి. 2016లో గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి వచ్చింది.

ఇథిలీన్ గది నిస్సందేహంగా సురక్షితమైనది. కాయ తానే విడుదల చేసే వాయువు అది. కానీ ఇథిలీన్ మాగడాన్ని మొదలుపెడుతుందే కాని, ముదరని కాయను ముదిర్చలేదు. కార్బైడ్ పోయి ఇథిలీన్ వచ్చినా లేత కాయ చప్పగానే ఉంటుంది. చట్టం మాగడాన్ని గురించి మాట్లాడింది. కోత రోజును గురించిన ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఏడాది పొడవునా దొరికేవి

ఆపిల్ ఈ చరిత్రలో మరో మలుపు. 1920లలో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గాలిలో ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆపిల్ నెలల తరబడి నిలుస్తుందని చూపారు. మనం మే నెలలో ఆపిల్ కొనగలుగుతున్నామంటే అందులో ఆ పరిశోధనకు భాగముంది. మామిడికి ఆ చలి పడదు. సుమారు 12 డిగ్రీల కంటే తక్కువలో పచ్చికాయను ఉంచితే తోలు మచ్చలు పడుతుంది, తరువాత సరిగా మాగదు. ఇంట్లో ఫ్రిజ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

టమాటాలో నష్టం విత్తనంలోనే జరిగింది. కాయంతా ఒకే లేతాకుపచ్చ రంగులో ఉండి ఒకేసారి ఎర్రబడితే కోత సులువు. అందుకని అమెరికాలో దశాబ్దాల పాటు అటువంటి మొక్కలనే ఏరి పెంచారు. తొడిమ దగ్గర ముదురాకుపచ్చ మచ్చ ఇచ్చే జన్యువు కాయలో చక్కెర తయారీకి కూడా తోడ్పడుతుందని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. మచ్చతో పాటు కొంత తీపి కూడా పోయింది.

దూరం పోని పండ్లు

బజారు పూర్తిగా లొంగదీసుకోలేని పండ్లు మనకు ఇంకా ఉన్నాయి. సీతాఫలం మాగిన రెండు రోజుల్లో చితికిపోతుంది. ఈత పండ్లు, నేరేడు, తాటి ముంజలు గంపలో వచ్చి సాయంత్రానికి అయిపోవాలి. సంక్రాంతికి భోగిపళ్ళుగా పోసే రేగుపళ్ళు వేసవిలో ఎవరూ అమ్మరు. నిల్వకు, దూరప్రయాణానికి పనికిరావు కాబట్టే వీటిని తగిన కాలంలో కోసి, దగ్గరలోనే అమ్ముతారు. వీటి రుచి గురించి ఫిర్యాదు చేసేవారిని మీరు ఎంతమందిని చూశారు?

అభ్యాసం

ఈ ఏడాది బంగినపల్లి పండును రెండుసార్లు కొనండి, ఏప్రిల్ తొలి వారంలో ఒకటి, మే మూడో వారంలో ఒకటి. ప్రతిసారీ ధర, అమ్మిన మనిషి చెప్పిన ఊరు, కోసిన రోజు రాసుకోండి. పండును నిలువుగా టెంక దాకా కోసి, టెంక చుట్టూ ఉన్న గుజ్జు పసుపుకు తిరిగిందో, తోలు పచ్చబడినా లోపల తెల్లగానే ఉందో చూడండి. మామిడి లోపలి నుంచి బయటికి పండుతుంది కాబట్టి ఈ ఒక్క గుర్తు చాలు. తరువాత మీ ఊళ్ళో అరవై ఏళ్ళు దాటిన ఒకరిని కలిసి, వారి చిన్నతనంలో ఏ నెలలో, ఏ కార్తెలో ఏ పండు తినేవారో అడిగి పట్టిక తయారుచేయండి. ఆ పట్టికలో ఉండి మీ బజారులో ఇప్పుడు కనిపించని పండ్లకు గుర్తు పెట్టి, సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.