పొలాల్లోని వన్య క్షీరదాలు: ఆహారం, సంతానోత్పత్తి

సాగుభూముల్లో బతికే వన్య క్షీరదాల సంతతి ఆ భూముల్లో వేసే పంటలను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. ఆడది ఎదకు వచ్చే సమయం, ఏడాదిలో ఎన్ని ఈతలు ఈనుతుంది, పాలలో ఎంత సారం ఉంటుంది, పిల్లలు బతికి బట్టకడతాయా లేదా అన్నవన్నీ చేలో దొరికే తిండితో ముడిపడి ఉంటాయి. ఈ సంబంధాన్ని అన్నిటికన్నా స్పష్టంగా, అన్నిటికన్నా బాధాకరంగా చూపిన జంతువు ఐరోపా హ్యామ్‌స్టర్ (శాస్త్రీయ నామం క్రైసెటస్ క్రైసెటస్). ఒకప్పుడు రైతులు పీడగా భావించి చంపిన ఈ జీవి 2020 నాటికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరింది.

జీవన విధానం

ఐరోపా హ్యామ్‌స్టర్ పెంపుడు హ్యామ్‌స్టర్ కంటే చాలా పెద్దది. వీపు గోధుమ రంగు, పొట్ట నలుపు. ఫ్రాన్స్ తూర్పు అంచు నుంచి రష్యాలోని యెనిసీ నది వరకు మెత్తని నేలలున్న మైదానాల్లో బొరియలు తవ్వుకుని బతుకుతుంది. గింజలను బుగ్గ సంచుల్లో నింపుకొని బొరియకు చేరవేస్తుంది. శీతకాలమంతా నేల కింద సుప్తావస్థలో గడుపుతూ, మధ్యమధ్యలో లేచి నిల్వ చేసుకున్నది తింటుంది. వసంతంలో బయటికి వచ్చాక వేసవి ముగిసేలోపు జతకట్టడం, ఈనడం, పిల్లలను సాకడం, మళ్లీ గింజలు కూడబెట్టడం అన్నీ పూర్తి కావాలి. వ్యవధి ఇంత తక్కువ కాబట్టి తిండిలో ఏ లోపం ఉన్నా దాని దెబ్బ సంతానం మీదే పడుతుంది. 20వ శతాబ్దంలో చాలాకాలం ఒక ఆడ హ్యామ్‌స్టర్ ఏడాదికి సగటున 20కి పైగా పిల్లలను కనేది. ఇప్పుడు ఆ సంఖ్య 5 లేదా 6కు పడిపోయింది.

తొలి పరిశోధనలు

ఆహారమే సంతానోత్పత్తికి సంకేతం కాగలదని అమెరికా శాస్త్రవేత్తలు నార్మన్ నెగస్, ప్యాట్రిషియా బెర్గర్ చూపారు. మాంటేన్ వోల్ అనే చిన్న గడ్డి ఎలుకలకు చలికాలంలో గోధుమ మొలకలు పెట్టగా, ఈనే కాలం కాకపోయినా అవి గర్భం దాల్చాయని 1977లో ప్రకటించారు. లేత గడ్డిలో ఉండే 6-ఎంబీఓఏ అనే రసాయనమే ఆ సంకేతమని 1981లో వారి బృందం తేల్చింది. గడ్డి చిగురిస్తోందంటే పిల్లలకు మేత దొరికే రోజులు వచ్చాయని వోల్ శరీరం గుర్తిస్తుందన్నమాట.

ఐరోపా కుందేలు మీద వియన్నాలో జరిగిన అధ్యయనాలు 2002లో మరో కోణాన్ని వెలికితీశాయి. తల్లి మేతలోని కొవ్వు పాల ద్వారా పిల్లలకు అందే శక్తిని ప్రభావితం చేస్తుందని అవి తెలిపాయి. ఆసియా వరిపొలాల్లో ఇదే సంబంధం మరో రూపంలో కనిపిస్తుంది. ఆగ్నేయాసియా వరి ఎలుక పైరు దుబ్బు కట్టి వెన్ను వేసే దశలోనే ఈనడం మొదలుపెడుతుంది. ఏడాదికి రెండు మూడు పంటలు పండేచోట దాని ఈతలూ ఆ మేరకు పెరుగుతాయి. అంటే పంట కొన్ని జంతువులకు సంతానాన్ని పెంచుతుంది. హ్యామ్‌స్టర్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం.

అల్సాస్‌లో మొక్కజొన్న

ఫ్రాన్స్ తూర్పున ఉన్న అల్సాస్ మైదానంలో పూర్వం గోధుమ, లూసర్న్ గడ్డి, క్యాబేజీ, దుంపలు పక్కపక్కనే పండేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దశాబ్దాల్లో హైబ్రిడ్ మొక్కజొన్న ఆ మడుల్లో చాలావాటిని ఆక్రమించింది. హ్యామ్‌స్టర్ వసంతంలో బయటికి వచ్చేసరికి మొక్కజొన్న చేను ఇంకా బోడినేలగానే ఉంటుంది. అప్పుడు తినడానికి ఆకు ఉండదు, గద్దలు, నక్కల నుంచి దాక్కోవడానికి చాటూ ఉండదు. కోతకు వచ్చాక దొరికేది ఒకే రకం గింజ.

ఫ్రాన్స్ 1993లో ఈ జంతువుకు చట్టరక్షణ కల్పించినా క్షీణత ఆగలేదు. లెక్కకు వచ్చిన బొరియలు 2001లో 1,167 కాగా 2007లో 161 మాత్రమే. తగినంత రక్షణ ఇవ్వలేదంటూ యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2011 జూన్ 9న ఫ్రాన్స్‌ను తప్పుపట్టింది. 1937 నుంచి 2014 వరకు ఉన్న వివరాలను విశ్లేషించి 2016లో వెలువరించిన అధ్యయనం, ఫ్రాన్స్‌లో హ్యామ్‌స్టర్ల శరీర బరువు దాదాపు ఐదో వంతు తగ్గిందని చెప్పింది. మొక్కజొన్న ఏకపంట సాగును, పెరిగిన చలికాలపు వానలను అందుకు కారణాలుగా చూపింది.

స్ట్రాస్‌బర్గ్ ప్రయోగాలు

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మథిల్డ్ టిసియే బృందం ఆడ హ్యామ్‌స్టర్లలో కొన్నిటికి గోధుమ, కొన్నిటికి మొక్కజొన్న ప్రధాన ఆహారంగా పెట్టి, తోడుగా క్లోవర్ ఆకునో వానపాములనో ఇచ్చింది. పుట్టిన పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గోధుమ తిన్న తల్లుల పిల్లల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు పాలు మానే వయసు వరకు బతికాయి. మొక్కజొన్న తిన్న తల్లుల పిల్లల్లో బతికినవి నూటికి సుమారు 5 మాత్రమే. ఆ తల్లులు బతికున్న పిల్లలను గింజల కుప్పలో దాచి తినేశాయి. బోనుల్లో గుండ్రంగా పరుగెత్తాయి, మేతతొట్లను బాదాయి. వాటి నాలుకలు వాచి నల్లబడ్డాయి, రక్తం చిక్కబడింది.

మొక్కజొన్న ఆహారానికి బి3 విటమిన్, అంటే నియాసిన్, చేర్చగానే ఈ పిల్లల వధ ఆగిపోయింది. 2017 జనవరిలో ఫలితాలు వెలువడ్డాయి. కడుపు నిండా తింటున్న తల్లికి పోషకం అందకపోతే సంతతే నశిస్తుందని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు అరుదు.

మనుషుల్లో పెల్లాగ్రా

నల్లబడిన నాలుక, మతి చలించడం వైద్యచరిత్రకు కొత్తవి కావు. అమెరికా ఖండాల ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి తినేవారు. గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ ఆ పద్ధతిలో విడుదలై ఒంటికి పడుతుంది. ఐరోపా వారు గింజను తీసుకెళ్లారు గానీ వండే పద్ధతిని తీసుకెళ్లలేదు. మొక్కజొన్న మీదే ఆధారపడిన పేదల్లో చర్మం పగలడం, విరేచనాలు, మతిభ్రమ కలిసి వచ్చే జబ్బును స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ 1735లో వర్ణించాడు. ఇటలీలో ఫ్రాన్సెస్కో ఫ్రపోలీ 1771లో దానికి పెల్లాగ్రా అని పేరుపెట్టాడు. ఇది అంటువ్యాధి కాదని, ఆహారలోపమేనని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 నుంచి చేసిన కృషితో నిరూపించాడు. కుక్కల్లో ఇదే లోపం వల్ల వచ్చే నల్లనాలుక జబ్బు నికోటినిక్ ఆమ్లంతో, అంటే నియాసిన్‌తో, నయమవుతుందని 1937లో కాన్రాడ్ ఎల్వెజెం కనుగొన్నాడు.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధాన ఆహారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో దీనిపై వ్యాసం ప్రచురించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండటం ఇందుకు కారణం కావచ్చని ప్రతిపాదించారు. ఆ వాదనపై తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలాకాలం చర్చ సాగింది.

సాగులో మార్పులు

నెదర్లాండ్స్‌లోని లింబర్గ్ ప్రాంతంలో 2002 నుంచి, బోనుల్లో పెంచిన హ్యామ్‌స్టర్లను తిరిగి పొలాల్లో వదిలారు. వాటి కోసం లూసర్న్ వేశారు, కొంత పైరును కోయకుండా నిలిపారు. అల్సాస్‌లో 2013లో మొదలైన అలిస్టర్ పథకం రైతులను, పరిశోధకులను ఒకచోటికి తెచ్చింది. గోధుమతో సోయా, మొక్కజొన్నతో పొద్దుతిరుగుడు వంటి జోడు పంటలపై అధ్యయనాలు జరిగాయి. ఏకపంట సాగు వల్ల చేలో కలుపు మొక్కల, పురుగుల రకాలు తగ్గి హ్యామ్‌స్టర్ సంతానం దెబ్బతింటోందని 2018లో స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు ప్రచురించారు.

ప్రాముఖ్యం

హ్యామ్‌స్టర్ క్షీణతకు వాతావరణ మార్పు, రోడ్లు, పట్టణాల విస్తరణ, రాత్రి వెలుతురు వంటి కారణాలూ తోడయ్యాయని పరిశోధకులు భావిస్తున్నారు. బొరియల లెక్క నేల మీద కనిపించే క్షీణతనే చెబుతుంది. తల్లి తిన్న తిండి నేల కింద ఎన్ని పిల్లలను బలిగొన్నదో తెలుసుకోవడానికి పోషకాహార శాస్త్రం కావలసి వచ్చింది. పొలాల్లో వన్యప్రాణులను కాపాడాలనుకునే ఏ పథకమైనా అక్కడ ఎంత తిండి ఉందో లెక్కించినంత శ్రద్ధగా ఎన్ని రకాల తిండి ఉందో కూడా లెక్కించాలని ఈ చరిత్ర నేర్పుతుంది. చేను గట్టున మిగిలిన లూసర్న్ సాలు, మొక్కజొన్న మధ్య వేసిన పొద్దుతిరుగుడు వరుస ఒక జాతి మనుగడకు చాలినంత తేడా తీసుకురాగలవు.