ఒక తల, రెండు మెదళ్లు: మధ్యలో వంతెన తెగితే?

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్ స్క్రీన్ మధ్యలో ఒక చుక్క ఉందనుకుని దాన్నే చూస్తూ ఉండండి. ఆ చుక్కకి ఎడమవైపు కనిపించేదంతా మీ కుడి మెదడుకి వెళ్తుంది. కుడివైపుది ఎడమ మెదడుకి. ఎడమ కన్ను, కుడి కన్ను అని కాదండోయ్! ప్రతి కన్నూ రెండు వైపులా చూస్తుంది. కళ్ల వెనక నరాలు కలిసేచోట దాదాపు సగం అటువైపుకి దాటిపోతాయి.

మరి మనకి ప్రపంచం రెండు ముక్కలుగా ఎందుకు కనిపించదు? రెండు సగాల మధ్య కార్పస్ కలోజం అనే వంతెన ఉంది కాబట్టి. అందులో సుమారు 20 కోట్ల నరాల పోగులు ఉంటాయి. ఈ రోజు కథ ఆ వంతెనదే.

1940లో అమెరికాలోని రోచెస్టర్‌లో విలియం వాన్ వాగెనెన్ అనే సర్జన్ కొందరు మూర్ఛ రోగులకి ఆ వంతెన కోసినట్టు ప్రకటించారు. ఫిట్స్ ఒకవైపు నుంచి రెండోవైపుకి పాకకుండా ఆపాలన్నది ఆలోచన. తర్వాత ఆండ్రూ అకెలైటిస్ అనే డాక్టర్ ఆ పేషెంట్లని పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ దొరకలేదు. దాంతో, ఇంత పెద్ద వంతెన అసలు దేనికని సైంటిస్టులే జోకులేసుకున్నారు.

రోజర్ స్పెర్రీకి ఆ జవాబు నచ్చలేదు. 1950లలో షికాగో యూనివర్సిటీలో ఆయన, రొనాల్డ్ మయర్స్ కలిసి పిల్లుల మీద ప్రయోగాలు చేశారు. ఒక్కో కంటి చూపు ఒక్కో వైపు మెదడుకే వెళ్లేలా నరాలు కోశారు. వంతెన ఉన్న పిల్లి ఒక కంటితో నేర్చుకున్నది రెండో కంటితోనూ గుర్తుపట్టింది. వంతెన కూడా కోసేశాక? రెండో కంటికి ఏమీ తెలీదు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే!

మరి మనుషుల సంగతి? 1962లో లాస్ ఏంజిలెస్‌లో జోసెఫ్ బోగెన్, ఫిలిప్ వోగెల్ అనే డాక్టర్లు ఒక మాజీ సైనికుడికి ఈ ఆపరేషన్ చేశారు. యుద్ధంలో తలకి దెబ్బ తగిలాక ఆయన్ని ఫిట్స్ వదల్లేదు. ఆపరేషన్‌తో అవి బాగా తగ్గాయి. మనిషి మామూలుగానే ఉన్నాడు. అప్పుడు స్పెర్రీ దగ్గర చదువుకుంటున్న మైకేల్ గజానిగా ఆయన్ని పరీక్షించాడు.

ట్రిక్ ఏంటంటే, మధ్యలో చుక్కని చూడమని చెప్పి, కన్ను తిప్పే టైం ఇవ్వకుండా బొమ్మని అలా మెరిపించి తీసేయడం. కుడివైపు మెరిస్తే ఏం చూశాడో చెప్పేశాడు. ఎడమవైపు మెరిస్తే ఏమీ కనబడలేదన్నాడు. కానీ ఆయన ఎడమ చెయ్యి మాత్రం చూసినట్టే స్పందించింది! కుడి మెదడు చూసింది, కానీ మాట్లాడే ఎడమ మెదడుకి ఆ కబురు అందలేదు. పాత పరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదు? కళ్లు స్వేచ్ఛగా తిరిగితే రెండు సగాలూ అంతా చూసేస్తాయి కాబట్టి.

1970లలో గజానిగా, జోసెఫ్ లెడూ ఇంకో పేషెంట్‌కి ఎడమ మెదడు వైపు కోడి కాలు, కుడి మెదడు వైపు మంచు కప్పిన ఇల్లు చూపించారు. సరిపోయే బొమ్మ ఎంచుకోమంటే కుడి చెయ్యి కోడిని, ఎడమ చెయ్యి మంచు తీసే పారని చూపించాయి. పార ఎందుకని అడిగితే, కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యాలి కదా అన్నాడు. అబద్ధం కాదు. తనకి తెలియని పనికి ఎడమ మెదడు అప్పటికప్పుడు ఒక కారణం అల్లేసింది.

స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. కానీ జనంలోకి వెళ్లింది మాత్రం "నువ్వు లెఫ్ట్ బ్రెయినా, రైట్ బ్రెయినా?" అనే క్విజ్. ఫ్రెండ్స్, ఆ తేడాలు అంత స్పష్టంగా బయటపడింది వంతెన తెగినవాళ్లలో. మనలో ఆ రెండూ ప్రతి క్షణం మాట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకే లెక్కలు రావనో, బొమ్మలు రావనో మిమ్మల్ని మీరు సగానికి కోసుకోకండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!