విద్యుదయస్కాంత అంతరాయం: నెల్లూరు తీర పరిశ్రమలు

ఒక విద్యుత్ పరికరం పుట్టించే అలజడి పక్కనున్న నియంత్రణ వ్యవస్థలోకి చొరబడి దాని లెక్క తప్పించడమే విద్యుదయస్కాంత అంతరాయం. పనివాళ్ల మాటలో ఇది 'నాయిస్'. నెల్లూరు తీరాన కృష్ణపట్నం రేవు, నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు అన్నీ మోటార్ల మీద నడిచేవే. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఎక్కడుంటే అక్కడ ఈ బెడద ఉంటుంది.

డ్రైవ్ వోల్టేజిని సెకనుకు వేలసార్లు తెంపి మోటారుకు పంపుతుంది. తెగిన ప్రతిసారీ కేబుల్ నుంచి కొంత కరెంటు ఎర్త్‌లోకి జారుతుంది. అది డ్రైవ్‌కు తిరిగొచ్చే దారిలో సెన్సర్ తీగలుంటే సిగ్నల్ చెదిరిపోతుంది. చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను లీటరుకు 0–20 మిల్లీగ్రాముల మేర కొలిచే సెన్సర్ ఆ కొలతను 4–20 మిల్లీఆంపియర్లుగా పంపుతుందనుకుందాం. 0.8 మిల్లీఆంపియర్ తేడా వస్తే ఒక మిల్లీగ్రాము తప్పినట్టే. ఉన్నది 3 అయితే ఏరేటర్‌ను నడిపే నియంత్రణ యంత్రం పీఎల్‌సీ 4 అని చదువుతుంది, తిరగాల్సిన ఏరేటర్ ఆగే ఉంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళ ఇలా జరిగితే రొయ్య పైకి తేలుతుంది, పంటే పోవచ్చు.

సెన్సర్ మార్చేముందు దాని స్థానంలో బ్యాటరీ లూప్ క్యాలిబ్రేటర్ పెట్టి 12 మిల్లీఆంపియర్లు పంపాలి. అప్పటికీ పీఎల్‌సీలో అంకె ఊగుతుంటే లోపం తీగలోనో, ఎర్తింగ్‌లోనో, ఇన్‌పుట్ కార్డులోనో ఉంది. ఆపై డ్రైవ్‌లను ఒక్కొక్కటే ఆపుతూ పోవాలి. ఏది ఆగినప్పుడు అంకె నిలకడగా ఉంటుందో, నాయిస్ అక్కడినుంచే వస్తోంది.

ఈ తీరంలో ముందుగా అనుమానించాల్సింది ఉప్పుగాలినే. కేబుల్ పెట్టెలోకి దూరే గ్లాండ్ దగ్గర షీల్డ్ అల్లిక పచ్చబడుతుంది, ఇనుప చట్రానికి బిగించిన రాగి లగ్ కింద తుప్పు పొర కడుతుంది. ఖరీదైన ఫిల్టర్ కొనేముందు ఆ బోల్టు విప్పి చూడటం మేలు. లోహం మెరిసేదాకా గీకి, తగరం పూత ఉన్న లగ్ బిగించి, పైన గ్రీజు పూయాలి. మల్టీమీటరులో సున్నా ఓములు కనబడ్డాయని నమ్మకూడదు. మీటరు పొడవు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది కనుక, 1 మెగాహెర్ట్జ్ నాయిస్‌కు అది 6 ఓములకు పైగా అడ్డు. అందుకే ఎర్త్‌కు సన్నని తీగ బదులు పొట్టిగా, వెడల్పుగా ఉండే అల్లిక పట్టీ వాడతారు. డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ షీల్డ్‌ను గ్లాండ్ చుట్టూ పూర్తిగా అంటేలా బిగిస్తారు.

సిగ్నల్, పవర్ కేబుళ్లు వేర్వేరు ట్రేలలో పోవాలి. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబంగా దాటాలి. కాంటాక్టర్ కాయిల్‌కు, అది ఆగినప్పుడు ఎగిసే వోల్టేజిని అణచే స్నబ్బర్ ఉండాలి. ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043. పారిశ్రామిక పరికరాలు ఎంత నాయిస్‌ను తట్టుకోవాలో ఐఈసీ 61000-6-2 చెబుతుంది.