చేటెడు తవుడు

ఆ హీటరు ఇంకాస్త ఇటు జరుపు అమ్మలూ, కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. మా ఊళ్ళో అయితే పుష్యమాసంలో ఈ పొద్దుకి కళ్ళంలో నెగడు వేసి, చుట్టూ పదిమందిమి చేరేవాళ్ళం. ఇక్కడ నోయిడాలో మంట వేస్తే జరిమానా అంట కదా, గాలి పాడైపోతుందని. గేటు దగ్గర కాపలా కుర్రాళ్ళకి కూడా పుల్లలు ముట్టించొద్దని కరెంటు హీటరే ఇచ్చారు. పోనీలే, ఎర్రగా రెండు కడ్డీలు కనపడుతున్నాయి, అదే నెగడు అనుకుందాం.

ఏటి, మళ్ళీ ఆ ఫోనేనా? పుట్టబోయే బిడ్డకి పేర్లా? చదువు, వింటాను. ఓహో, అరుదైన పేర్లని వేరే వరస పెట్టాడా! ఆ మొదటిదానికి అర్థం ఏటట? లక్ష్మీదేవా. దాని కిందదానికి? అదీ లక్ష్మీదేవేనా! తనకి అర్థం తెలియని ప్రతి పేరుకీ లక్ష్మీదేవి అని రాసి పారేస్తున్నాడే వాడు.

అంత అరుదైన పేరే కావాలంటే నీ ఎదురుగా కూర్చుని ఉంది. ఇన్ని అంతస్తుల మేడలో తవిటమ్మ ఇంకొకత్తె ఉందేమో వెతికి రా, చూద్దాం. గేటు కుర్రాడికి నోరు తిరక్క నన్ను తబితా ఆంటీ అంటాడు. అది బైబిల్లో పేరట, మీ ఆయన చెప్పాడు. బాగానే ఉంది, ఈ వయసులో నాకో కొత్త పేరు.

మా రాజాం వైపు అప్పట్లో ఈ పేరు కొత్తేం కాదు. తవిటయ్య, తవిటినాయుడు, తవుడు, తవిటమ్మ, ఊరికి ఒకరిద్దరైనా ఉండేవారు. తక్కిన పేర్లన్నీ దేవుళ్ళవీ అమ్మవార్లవీ. సింహాచలం అప్పన్న ఒక్కడి పుణ్యాన ఎందరు అప్పారావులు, ఎందరు అప్పలనాయుళ్ళు! ఏకంగా సింహాచలమనే పేరు ఆడాళ్ళకీ ఉండేది, మగాళ్ళకీ ఉండేది. విజయనగరం పైడితల్లిని మొక్కితే పైడిరాజు, పైడమ్మ. అనకాపల్లి నూకాలమ్మని మొక్కితే నూకరాజు. శ్రీముఖలింగంలో శివుణ్ణి తలుచుకుంటే ముఖలింగం. వీటికి అర్థం చెప్పక్కర్లేదు. ఏ గుడిమెట్లెక్కి మొక్కుకున్నారో పేరే చెప్పేస్తుంది. మరి తవుడనే దేవుడు ఎక్కడా లేడు కదా. తవుడంటే ధాన్యం దంచితే రాలే పొడి. గొడ్లకి కుడితిలో కలిపేది.

నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పుకి నేను పుట్టాను, 1948లో. పుట్టిన మూడో రోజున పక్కింటావిడని పిలిచారు. ఆవిడకి ఆరుగురు పిల్లలు, అందరూ బతికి బట్టకట్టారు. ఆ చెయ్యి చల్లని చెయ్యని ఊళ్ళో పేరు. నన్ను చేటలో వేసి గుమ్మంలో పెడితే, ఆవిడ ఇంకో చేటతో తవుడు తెచ్చి మా అమ్మ ముందు పోసి, నన్ను ఎత్తుకుని గడప దాటేసింది. బేరం అయిపోయింది. కాసేపాగి మళ్ళీ వచ్చి, 'ఇది నా పిల్ల, నా ఇంట్లో చోటు లేదు, నువ్వు పాలిచ్చి పెంచు' అని మా అమ్మ ఒళ్ళో పెట్టింది. ఎందుకంటావేటి? ఆ ఇంటి బిడ్డని పట్టుకుపోదామని యముడు వస్తాడు. తీరా చూస్తే అక్కడున్నది పక్కింటోళ్ళ పిల్ల. అదీ చేటెడు తవుడు ఖరీదు చేసే పిల్ల. దీన్నేం తీసుకుపోతాను అని పోతాడు. అంత తెలివైనవాణ్ణి ఇంత సులువుగా మోసం చెయ్యొచ్చని మావాళ్ళ నమ్మకం.

ఆ మోసం ఒక్క రోజుతో అయ్యేది కాదు. ఎవరైనా వచ్చి 'గుంట బాగుందే' అంటే చాలు, మా అమ్మ ఠక్కున 'మాది కాదమ్మా, పక్కింటోళ్ళది' అనేసేది. అయిదారేళ్ళు వచ్చేదాకా అదే మాట. నేను నిజమేననుకున్నాను! ఓసారి చల్లకుండ బద్దలుకొట్టానని అమ్మ వీపు మీద రెండు వేస్తే, నా గౌను మూట కట్టుకుని 'మా ఇంటికి పోతాను' అని పక్కింటికి పోయి అరుగుమీద కూర్చున్నాను. ఆ కొన్నమ్మ (నేనలాగే పిలిచేదాన్ని) ఏమీ అడక్కుండా అన్నం పెట్టి, వాళ్ళ పిల్లల మధ్య పడుకోబెట్టింది. పొద్దున్న లేచి చూద్దును కదా, మా అమ్మ వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉందట. లోపలికి వచ్చి నా పిల్లని ఇమ్మని అడగలేదు. అడిగితే బేరం చెడిపోతుందని భయం! ప్రతి సంక్రాంతికీ కొన్నమ్మకి చీర పెట్టేవాళ్ళం. నా పెళ్ళిలో కాళ్ళు కడిగింది మా అమ్మానాన్నలే గానీ, అప్పగింతల్లో అందరికంటే పెద్దగా ఏడ్చింది ఆవిడే.

గోదావరికి అవతల తవుడు బేరం సంగతి నాకంత తెలీదు గానీ, అక్కడ పుల్లి విస్తరాకుల్లో దొర్లించి పుల్లయ్య అని పెట్టేవారు. తిని పారేసిన ఎంగిలాకులన్నమాట. పెంటకుప్ప మీద ఓ క్షణం పడుకోబెట్టి పెంటయ్య. పిచ్చయ్య, పిచ్చమ్మ కూడా ఆ బాపతే. మీ తాత సినిమా పిచ్చోడు కదా, 1934లో లవకుశ తీసిన సి. పుల్లయ్య, 1960లో వెంకటేశ్వర మహాత్మ్యం తీసిన పి. పుల్లయ్య, ఇద్దరి పేర్లూ తెర మీద పడితే ఈల వేసేవారు. ఎంగిలాకు పేరుతో అంత ఎత్తుకి ఎదిగారు, నీ తవుడు మాటేటి అని నన్ను ఏడిపించేవారు. అరవదేశంలో కుప్పుస్వామిలో కుప్ప కూడా ఆ పెంటకుప్పేనంట.

ఇక్కడా ఉందే ఈ పద్ధతి! పైకి చూస్తే మీ నోయిడాలో పేర్లున్న వీధులే తక్కువ, అంతా సెక్టార్లు, నంబర్లు. అసలు నోయిడా అంటే ఏటో తెలుసా? న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ. ఆ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు గుదిగుచ్చారు. 1976లో పుట్టింది, మీ అమ్మకంటే అయిదేళ్ళు చిన్నది. ఆఫీసు బోర్డు కాస్తా ఊరి పేరైపోయింది. అయితే ఆ నంబర్ల మధ్యన బరౌలా, ఛలేరా, హరౌలా అని పాత ఊళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి కదా. పార్కులో ఎండకి కూర్చుంటుంది చూడు, కబుర్లు చెప్పే ముసలమ్మ, ఆవిడది అలాంటి ఊరే. నా పేరుకి అర్థం అడిగింది. వచ్చీరాని హిందీలో 'చోకర్' అన్నాను. నవ్వుతుందనుకున్నాను. 'ఎంతమంది పోయాక పుట్టావు?' అంది. ఒక్క ముక్క వివరించకుండానే! వీళ్ళ వైపు చేటలో పెట్టి నేలమీద ఈడ్చి ఘసీటా అనీ, చెత్తకుప్ప పేరున ఘూరే అనీ, ముక్కు కుట్టించి ఛేదీ అనీ పెట్టేవారట. బెంగాలీల్లో మూడు గవ్వలకి కొంటే తీన్‌కడి, అయిదు గవ్వలకైతే పాంచ్‌కడి. చూశావా, దేశమంతా ఒకే యముడు, ఒకే చేట.

మా అమ్మకి ఆ ముగ్గురూ ఎందుకు పోయారో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. వారం రోజులు పాలు బాగా తాగిన గుంట ఉన్నట్టుండి దవడ బిగించేసేది, ఒళ్ళు విల్లులా వంగిపోయేది. గాలి సోకిందనేవారు. గాలీ లేదు, ధూళీ లేదు, అది ధనుర్వాతం. గడ్డి కోసిన కొడవలితోనే బొడ్డు కొయ్యడం, దాని మీద పేడబూడిద అద్దడం! మీ అమ్మ కడుపున పడ్డప్పుడు నేను విశాఖపట్నంలో ఉండబట్టి ఆసుపత్రి మొహం చూశాను. అది పుట్టిన 1971లో కూడా ఈ దేశంలో వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారట. 2020కి అది 28కి దిగింది. మొన్న నీకు ఆసుపత్రిలో పొడిచారే, చెయ్యి నొప్పని రెండు రోజులు గునిశావు, ఆ సూది ఈ ధనుర్వాతం రాకుండానే. 2015లో పురిటి ధనుర్వాతం ఈ దేశం నుంచి పోయిందని పెద్ద డాక్టర్లు ప్రకటించారు. ఆ సూది వచ్చాక మా ఊళ్ళో తవిటయ్యలు పుట్టడం మానేశారు.

ఏటీ, పెడతావా? నీ కూతురికి నా పేరా? ఒలమ్మా, వద్దే. నామోషీ అని కాదు. ఎవరో పోయాక పెట్టే పేరది. నీకు ఎవరూ పోలేదు, పోరు కూడా. నీ ఫోనులో దొరికిందే పెట్టుకో, లక్ష్మీదేవైనా సరే. కానీ పుట్టకముందే మాత్రం ఖాయం చెయ్యకు. ఇరవయ్యొకటో రోజున బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాయిద్దాం. పుట్టుక నమోదు చేయించడానికి సర్కారు వారి గడువు కూడా 21 రోజులేనట, మీ ఆయన కాయితాలు చూసి చెప్పాడు. అప్పటికి పేరు కుదరకపోయినా ముందు పుట్టినట్టు రాయించి, తరవాత పేరు ఎక్కించవచ్చట.

ఒక్కటి మాత్రం చెయ్యండి. చేట ఒకటి తెప్పించు, వెదురుది. ప్లాస్టిక్‌ది కాదు. ఆ ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా. మొదటిసారి పిల్లని దాన్లో పాత చీర పరిచి పడుకోబెడదాం, మెత్తగా ఉంటుంది. అమ్మడానికి కాదే, పిచ్చిదానా! అమ్మినా ఇప్పుడు చేటెడు తవుడు పోసి ఎవరూ కొనలేరు. వంటింట్లో మీ ఆయన గుండెకి మంచిదని తెచ్చిపెట్టిన సీసా మీద ఏం రాసుందో చూశావా? తవుడు నూనె. ధర చూసి నాకు కళ్ళు తిరిగాయి.